ఉచిత బలం అనే భ్రమ: హై ఫ్లో క్యాట్ వాదానికి ఖండన

కారు ఇంజిన్ నుంచి ఇంకొంచెం బలం రాబట్టాలనుకునే వారిలో ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. కంపెనీ అమర్చి ఇచ్చిన క్యాటలిటిక్ కన్వర్టర్ (వాడుకలో ‘క్యాట్’) పొగను బిగబట్టి ఇంజిన్ గొంతు నొక్కుతుందని, దాన్ని తీయించి పొగ ధారాళంగా సాగిపోయే ‘హై ఫ్లో’ రకం వేయిస్తే పికప్పూ మైలేజీ రెండూ పెరుగుతాయని, గాలికి కలిగే హాని లెక్కలోకి తీసుకోదగ్గది కాదని, పొల్యూషన్ సర్టిఫికెట్ ఎప్పటిలాగే వస్తుంది గనుక ఆక్షేపించడానికి ఏమీ లేదని ఆ నమ్మకం సారాంశం. మెకానిక్ షెడ్లలోనూ, కార్ల ముచ్చట్లు నడిచే ప్రతి చోటా ఈ మాట ఎంతగా స్థిరపడిందంటే, అది ఒక వాదమనీ, రుజువు కావలసినదనీ కూడా చాలామందికి తోచడం లేదు. ఆ వాదంలో ఒక్క ముక్క మాత్రమే నిజం, అదీ కొన్ని ఇంజిన్లకే పరిమితం. మిగిలినదంతా అమ్మేవారు చెప్పని ఒక లెక్క మీద నిలబడి ఉంది. ఆ లెక్కను బయటపెడితే, పొగ సులువుగా పోవడానికి కారణమైన అంకె, పొగ శుభ్రపడకపోవడానికి కారణమైన అంకె రెండూ ఒకటేనని తేలుతుంది.

ముందుగా ఆ పరికరం చేసే పనేమిటో చూడాలి. పెట్రోలు ఇంజిన్ పొగలో ప్రధానంగా మూడు విషపదార్థాలుంటాయి: సగం కాలిన ఇంధనం వల్ల పుట్టే కార్బన్ మోనాక్సైడ్, అసలు కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్లు, మంటలోని అధిక వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలవడం వల్ల ఏర్పడే నైట్రోజన్ ఆక్సైడ్లు. ఇంజిన్ నుంచి పొగగొట్టం బయలుదేరే చోట, తుప్పు పట్టని ఉక్కు తొడుగు లోపల, తేనెపట్టులా వేలాది సన్నని నాళాలున్న దిమ్మె ఒకటి ఉంటుంది. ఆ దిమ్మెను సెరామిక్‌తో గాని పలుచని లోహపు రేకుతో గాని చేస్తారు. నాళాల గోడలకు గరుకైన అల్యూమినా పూత వేసి, అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాలను అతి సూక్ష్మ కణాలుగా పొదుగుతారు. ఈ లోహాలు తాము ఖర్చు కాకుండా రసాయన చర్యను వేగపరిచే ఉత్ప్రేరకాలు. వాటి మీదుగా పోయేటప్పుడు మొదటి రెండు విషాలు ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మారతాయి. మూడోది, ముఖ్యంగా రోడియం చలవ వల్ల, ఆక్సిజన్‌ను విడిచి మామూలు నైట్రోజన్ అవుతుంది. పూతలో కలిపే సీరియం ఆక్సైడ్ అనే పదార్థం ఆక్సిజన్ ఎక్కువైన క్షణంలో దాన్ని దాచుకొని, తక్కువైన క్షణంలో వదులుతుంది. పొగలోని విషం నాళం మధ్య నుంచి ప్రక్కకు జరిగి గోడను తాకితేనే ఇదంతా జరుగుతుంది. గోడను తాకకుండా దాటిపోయినది విషంగానే బయటికి పోతుంది. ఈ వ్యాసంలోని వాదమంతా ఈ చిన్న భౌతిక సత్యం చుట్టూనే తిరుగుతుంది.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు, దానికీ ఒక చరిత్ర ఉంది. ఫ్రాన్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన యూజీన్ హూడ్రీ అనే ఇంజినీరు 1950ల్లోనే కార్లకు ఉత్ప్రేరక పరికరం రూపొందించాడు. అప్పటి పెట్రోలులో కలిపే సీసం ఉత్ప్రేరకాన్ని కప్పేసి చంపేది కాబట్టి అది రోడ్డెక్కలేదు. 1970లో అమెరికా చేసిన స్వచ్ఛ గాలి చట్టం ఫలితంగా 1975 మోడళ్ల నుంచి అక్కడి కార్లలో ఈ పరికరం విరివిగా వచ్చింది. ఆ తొలితరం పరికరాల్లో కొన్ని నిజంగానే పొగకు అడ్డుపడేవి, ఎందుకంటే వాటిలో నాళాల దిమ్మెకు బదులు సెరామిక్ గుళికలు నింపేవారు. షెవర్లే కార్వెట్ కారు సాధారణ ఇంజిన్ 1970లో 300 హార్స్‌పవర్ అని ప్రకటించుకొని 1975లో 165కి దిగిపోయిన ఉదంతాన్ని ఈనాటికీ క్యాట్ చేసిన ద్రోహానికి సాక్ష్యంగా చూపుతారు. అయితే ఆ మధ్యకాలంలో సీసం లేని పెట్రోలు కోసం ఇంజిన్ల కంప్రెషన్ తగ్గించారు. అంతకంటే ముఖ్యంగా, ఇంజిన్‌ను విడిగా బల్ల మీద పెట్టి కొలిచే పద్ధతి పోయి, కారులో ఉండే సరంజామా అంతటితో కొలిచే పద్ధతి వచ్చింది. క్యాట్ రాకముందే, 1974 నాటికే, ఆ ఇంజిన్ లెక్క 195కి చేరింది. పడిపోయిన 135లో 105 పరికరం పుట్టకముందే పోయాయన్నమాట. మిగిలిన 30లో దాని వాటా కొంత ఉండవచ్చు. అంతటి అపవాదును ఆ కొంత వాటా మీద కట్టడం న్యాయం కాదు. అదే కార్వెట్ వంశంలో 2023 నాటి జడ్06 మోడల్ టర్బో లేకుండా 5.5 లీటర్ల ఇంజిన్ నుంచి 670 హార్స్‌పవర్ ఇస్తోంది, క్యాటలిటిక్ కన్వర్టర్లతోనే ఇస్తోంది. భారతదేశంలో అమ్ముడవుతున్న ఒక లీటరు టర్బో పెట్రోలు ఇంజిన్లు 120 పీఎస్ దాకా అందిస్తున్నాయి, అవీ బీఎస్6 కాలుష్య ప్రమాణాల కన్వర్టర్లతోనే.

ఇక అసలు లెక్క. కన్వర్టర్ దిమ్మెను అడ్డంగా కోసి చూస్తే చదరపు అంగుళానికి ఎన్ని గడులున్నాయన్నదే దాని ప్రధాన కొలత. కంపెనీ దిమ్మెల్లో సాధారణంగా 400 నుంచి 600 దాకా, కొన్నిటిలో 900 దాకా గడులుంటాయి. హై ఫ్లో పేరుతో అమ్మేవాటిలో 200, కొన్నిటిలో 100 మాత్రమే ఉంటాయి. 400 గడుల దిమ్మెలో ఒక్కో గడి 1.27 మిల్లీమీటర్ల చదరం. 200 గడులదైతే 1.8 మిల్లీమీటర్లు. గడి పెద్దదైతే పొగకు అడ్డు తగ్గుతుంది, సందేహం లేదు. ఇంత సన్నని నాళాల్లో వాయువు సుడులు తిరగకుండా పొరలు పొరలుగా సాగుతుంది కాబట్టి, పొగ మొత్తం అంతే ఉన్నప్పుడు అడ్డు గడి వెడల్పు వర్గానికి విలోమంగా మారుతుంది. అంటే గడుల సంఖ్య సగమైతే అడ్డు దాదాపు సగమవుతుంది. అమ్మేవారు చెప్పేది ఇక్కడితో ఆగిపోతుంది.

ఆ తరువాతి సగం ఇది. గడుల సంఖ్య సగమైనప్పుడు విషం తాకవలసిన గోడల మొత్తం వైశాల్యం ముప్ఫై శాతం తగ్గుతుంది. అదే సమయంలో నాళం మధ్య నుంచి గోడ దాకా విషం ప్రయాణించవలసిన దూరం నలభై శాతం పెరుగుతుంది. తాకే చోటు తగ్గి, దాన్ని చేరే దూరం పెరిగినందువల్ల, శుద్ధి చేసే శక్తి కూడా సరిగ్గా అదే వర్గ నియమాన్ని అనుసరించి సగానికి పడిపోతుంది. అడ్డును ఎంత తగ్గిస్తే శుద్ధి శక్తినీ అంతే తగ్గించినట్టు. ఈ రెండింటినీ విడదీసి ఒకదాన్ని ఉంచుకొని రెండోదాన్ని వదిలించుకునే మార్గం గడుల సంఖ్యలో లేదు.

శుద్ధి శక్తి సగమైందంటే బయటికి పోయే విషం రెట్టింపైందని అనుకుంటే అదీ పొరపాటే. వేడెక్కి పూర్తిస్థాయిలో పనిచేస్తున్న 400 గడుల దిమ్మె లోపలికి వచ్చిన విషంలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు శుద్ధి చేస్తోందనుకుందాం. దిమ్మెను అడ్డంగా, ముందూ వెనుకా రెండు సమభాగాలుగా ఊహిస్తే, వంద పాళ్లు లోపలికి వెళ్లగా మొదటి సగం దాటేసరికి పది మిగులుతాయి, రెండో సగం ఆ పదిలో ఒక్కటే మిగులుస్తుంది. అంతే పరిమాణం గల 200 గడుల దిమ్మె మొత్తంగా చేసే పని ఇందులో మొదటి సగం చేసే పనితో సమానం, కాబట్టి దాన్నుంచి వందకు పది పాళ్లు బయటికి వస్తాయి. తొంభై తొమ్మిదికీ తొంభైకీ మధ్య తొమ్మిదే తేడా అని అమ్మకం కాగితం మీద కనిపిస్తుంది. పొగగొట్టం కొస దగ్గర మాత్రం ఒకటికి పది రెట్లు. 100 గడుల దిమ్మె అయితే వందకు ముప్ఫై పాళ్లకు పైగా వదిలేస్తుంది. ఇది ఆదర్శ పరిస్థితుల లెక్క. పూతలోని లోహం పాలు, దిమ్మె పొడవు, పొగ వేడిమి దాన్ని అటూ ఇటూ జరుపుతాయి. కానీ దిశ మారదు, పైగా హై ఫ్లో రకాల్లో చవకవాటి దిమ్మె పొట్టిగానూ, పూతలో లోహం పలుచగానూ ఉంటుంది గనుక వాస్తవం ఈ లెక్క కన్నా దిగువకే జారుతుంది. బీఎస్6 ప్రమాణం పెట్రోలు కారుకు కిలోమీటరుకు 60 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లను మాత్రమే అనుమతిస్తుంది. అంత సన్నని హద్దు దగ్గర నిలబడిన బండికి పది రెట్లన్నది సర్దుకుపోగల తేడా కాదు.

ఇంత మూల్యం చెల్లించి దక్కించుకునే అడ్డు తగ్గింపు ఎంతటిదో కూడా కొలవాలి. 1.2 లీటర్ల ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉన్నప్పుడు నిమిషానికి దాదాపు 3,600 లీటర్ల గాలి పీల్చుకుంటుంది. అదే ఇంజిన్ అమీర్‌పేట ట్రాఫిక్‌లోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో 2,000 చుట్ల మీద, యాక్సిలరేటర్ కొద్దిగా మాత్రమే తొక్కి, సిలిండర్లు మూడో వంతు నిండుతూ నడుస్తున్నప్పుడు పీల్చేది 400 లీటర్లు. తొమ్మిదో వంతు పొగకు కన్వర్టర్ పెట్టే అడ్డు కూడా తొమ్మిదో వంతే. అదే సమయంలో ముందువైపు, గాలిని నియంత్రించే థ్రాటిల్ తలుపు దాదాపు మూసుకొని ఉండడం వల్ల, ఇంజిన్ 65 కిలోపాస్కళ్లకు అటూఇటూ శూన్యానికి ఎదురుగా గాలి లాగుకోవలసి వస్తుంది. ఆ భారం ముందు కన్వర్టర్ దగ్గర ఒకటి రెండు కిలోపాస్కళ్లు తగ్గినా పెట్రోలు బంకు బిల్లులో అది కనిపించదు. మైలేజీ పెరుగుతుందన్న మాట నగరంలో కారు నడిపే యజమానికి వర్తించదని చెప్పడానికి ఈ లెక్క చాలు. పికప్ పెరిగినట్టు తోచడానికి కారణం చాలాసార్లు చెవిలో ఉంటుంది: గడులు పెద్దవైనప్పుడు ధ్వని మోత పెరుగుతుంది, మోత పెరిగిన బండి వేగంగా పోతున్నట్టు మనసుకు అనిపిస్తుంది.

కన్వర్టర్ నిజంగా పూడుకుపోయిందా అన్నది ఊహించి చెప్పవలసిన విషయం కూడా కాదు. దానికి ముందున్న ఆక్సిజన్ సెన్సర్‌ను విప్పి, అదే రంధ్రంలో పీడనమాపకాన్ని మరతో బిగించి ఇంజిన్ ఆన్ చేస్తే చాలు. ఊరకే తిరుగుతున్నప్పుడు ఒకటింబావు పీఎస్ఐ లోపు, 2,500 చుట్ల దగ్గర మూడు పీఎస్ఐ లోపు ముల్లు నిలిస్తే పొగ దారి బాగున్నట్టేనని వర్క్‌షాపులు పాటించే నియమం. పావుగంట పట్టని ఈ పరీక్ష చేయకుండా, ‘క్యాట్ జామ్ అయింది, మార్చాలి’ అని తీర్పు చెప్పడం వృత్తిధర్మం కాదు.

టర్బో ఇంజిన్ల విషయంలో మాత్రం ఎదుటి వాదానికి కొంత బలముంది, దాన్ని దాచడం అనవసరం. టర్బో చక్రం దానికి ముందున్న పీడనానికీ వెనుకనున్న పీడనానికీ మధ్య తేడాతో తిరుగుతుంది. చక్రం వెంటనే కన్వర్టర్ ఉంటుంది కాబట్టి అక్కడ అడ్డు తగ్గితే చక్రం త్వరగా వేగం పుంజుకుంటుంది, పూర్తి తొక్కుడులో అదనపు బలం కొలతకందేంతగా వస్తుంది. అయితే అమ్మకపు ప్రకటనల్లో కనిపించే పెద్ద అంకెల్లో ఎక్కువ భాగం ఇంజిన్ కంప్యూటర్‌లో ఇంధనాన్ని, టర్బో ఒత్తిడిని పెంచే రీమ్యాప్ వల్ల వచ్చేదే. ఆ రెంటినీ కలిపి కొలిచి ఫలితమంతా కన్వర్టర్ ఖాతాలో వేస్తున్నారు.

అడ్డు తగ్గించడానికి గడులు తగ్గించడమొక్కటే మార్గమన్న భావన కూడా తప్పు. దిమ్మె ఘనపరిమాణం అంతే ఉంచి ముఖవైశాల్యాన్ని రెట్టింపు చేసి పొడవును సగం చేస్తే, నాళాల్లో పొగ వేగం సగమవుతుంది, ప్రయాణించే దూరం సగమవుతుంది, అడ్డు నాలుగో వంతుకు పడిపోతుంది. గోడల వైశాల్యం గాని, గోడను చేరే దూరం గాని మారవు కాబట్టి శుద్ధి శక్తి ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. గోడల మందం తగ్గించడం రెండో మార్గం: 400 గడుల సెరామిక్ దిమ్మెలో మామూలు గోడలు ముఖంలో నాలుగో వంతు ఆక్రమిస్తే, అరమిల్లీమీటరులో పదో వంతు మందం గల లోహపు రేకుతో చేసిన దిమ్మెలో గోడలు పదో వంతుకు మించవు. ఈ మార్గాల్లో అడ్డు తగ్గించిన కన్వర్టర్‌కు హై ఫ్లో అన్న పేరు న్యాయంగా చెల్లుతుంది. అలాంటివాటికి ఎక్కువ లోహం, వెడల్పైన తొడుగు, పొగను ముఖమంతటా సమంగా పరిచే శంఖువు కావాలి. కాబట్టి ఖర్చు ఎక్కువ. చవకగా దొరికేది గడులు తగ్గించినదే, అదే బజారులో ఎక్కువగా అమ్ముడవుతోంది.

కారు సైతం ఈ మార్పును పసిగడుతుంది. కన్వర్టర్‌కు ముందొకటి, తరువాత ఒకటి ఆక్సిజన్ సెన్సర్లుంటాయి. ముందుది ఇంధన మిశ్రమాన్ని ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి దగ్గర నిలపడానికి. మూడు విషాలూ ఏకకాలంలో శుద్ధి అయ్యేది ఆ ఇరుకు పరిధిలోనే. వోల్వో 1977 మోడల్ కార్లను కాలిఫోర్నియాలో ఈ సెన్సర్‌తో, మూడు విషాలనూ ఒకేసారి శుద్ధి చేసే దిమ్మెతో అమ్మినప్పటి నుంచి ఈ జంట విడిపోలేదు. వెనుక సెన్సర్ పని కాపలా: దిమ్మెలోని సీరియం ఆక్సిజన్‌ను సరిగా దాచుకుంటూ ఉంటే వెనుక సెన్సర్ రీడింగు నిలకడగా ఉంటుంది, దాచుకోలేకపోతే ముందు సెన్సర్‌లాగే ఊగుతుంది. ఆ ఊగుడు హద్దు దాటితే కంప్యూటర్ పీ0420 అనే సంకేతం నమోదు చేసి డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. హై ఫ్లో దిమ్మె వేసిన కొన్నాళ్లకు ఈ లైటు వెలగడం మామూలైపోయింది. దానికి షెడ్లలో చూపే పరిష్కారం సెన్సర్‌ను పొగదారి నుంచి ఎడంగా జరిపే ఒక స్పేసరు, లేదా కంప్యూటర్‌లో ఆ పరిశీలననే ఆపివేసే రీమ్యాప్. పరికరం అసలుదానికి సమానంగా పనిచేస్తోందన్న వాదం నిజమైతే, దాని పనితీరు చూసే కన్ను మూయవలసిన అవసరం ఎందుకొచ్చిందన్న ప్రశ్నకు ఆ వాదులు ఇంతవరకు సూటిగా సమాధానం చెప్పలేదు. కన్ను మూసిన తరువాత నష్టం అక్కడితో ఆగదు: రేపు దిమ్మె విరిగినా కరిగినా యజమానికి తెలిసే దారి ఉండదు.

పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తోంది కదా అన్నది ఈ వాదానికి చివరి ఆసరా. పెట్రోలు బంకు ప్రక్కన వ్యానులో జరిగే పరీక్ష బండిని కదలనివ్వకుండా పొగగొట్టంలో గొట్టం దూర్చి కార్బన్ మోనాక్సైడ్‌ను, హైడ్రోకార్బన్లను కొలుస్తుంది. బీఎస్4, ఆపై కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు పదిలక్షల్లో 200 పాళ్లు దాటకూడదు. నైట్రోజన్ ఆక్సైడ్లను అది కొలవదు. కొలిచినా ప్రయోజనం స్వల్పం, ఎందుకంటే భారం లేని ఇంజిన్‌లో మంట వేడి తక్కువగా ఉండి ఆ వాయువులు పెద్దగా పుట్టవు. పైగా ఊరకే తిరిగే ఇంజిన్ వదిలే పొగ ఎంత తక్కువంటే, 200 గడుల దిమ్మెలో కూడా ప్రతి విషకణానికీ గోడను చేరేందుకు కావలసినంత వ్యవధి దొరుకుతుంది. బండి ఔటర్ రింగ్ రోడ్డు మీద పూర్తి భారంతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు పొగ ఎనిమిది, పది రెట్లై ఆ వ్యవధి కరిగిపోయినప్పుడే రెండు దిమ్మెల మధ్య తేడా బయటపడుతుంది. తేడా ఎక్కడ ఉండదో అక్కడ మాత్రమే వెతికే పరీక్షలో నెగ్గడం తేడా లేదనడానికి రుజువు కాదు. ఈ లోపం తెలిసే, 2023 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లను నిజమైన రోడ్డు మీద కొలత పరికరాలు బిగించి పరీక్షించే విధానాన్ని దేశం తెచ్చుకుంది.

పరికరాన్ని ఎన్నుకోవడంలో జరిగే తప్పుకు అమరికలో జరిగే తప్పు తోడవుతోంది. ఉత్ప్రేరకం చల్లగా ఉన్నంతసేపు పనిచేయదు. సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ చేరాకే చర్య అంటుకుంటుంది. ఒక ప్రయాణం మొత్తం మీద విడుదలయ్యే విషంలో పెద్ద పాలు ఆ తొలి నిమిషంలోనే పోతుంది కాబట్టే ఇప్పటి కార్లలో కన్వర్టర్‌ను ఇంజిన్‌కు ఆనుకొని పెడుతున్నారు. దాన్ని తీసేసి, చోటు సౌకర్యంగా ఉందని, సీటు కిందుగా పొగగొట్టం మధ్యలో హై ఫ్లో డబ్బా వెల్డింగ్ చేస్తే, పొద్దున ఇంటి నుంచి పిల్లల బడి దాకా పోయే చిన్న ప్రయాణమంతా దిమ్మె చల్లగానే గడిచిపోవచ్చు. లోహపు దిమ్మె సెరామిక్ కంటే త్వరగా వేడెక్కుతుందన్నది నిజమే గాని, మీటరు దూరం గొట్టంలో చల్లారిన పొగ ఆ మేలును మింగేస్తుంది.

అమరికలో మరో తప్పు కంటికి కనిపించదు. ఇంజిన్‌కూ ముందు సెన్సర్‌కూ మధ్య గాస్కెట్ సరిగా కూర్చోకపోయినా, వెల్డింగ్ అతుకులో సూదిమొన వంటి రంధ్రం మిగిలినా పొగ బయటికి చిమ్మడం ఒక్కటే జరగదు. సిలిండర్లు ఒకదాని తరువాత ఒకటి పొగను విసురుతుంటే రెండు విసుర్ల మధ్య గొట్టంలో పీడనం బయటి గాలి కంటే తగ్గి, ఆ రంధ్రం గుండా బయటి గాలి లోపలికి పీల్చుకుపోతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూసిన సెన్సర్ ఇంధనం తక్కువైందని కంప్యూటర్‌కు తప్పుడు మాట చెబుతుంది, కంప్యూటర్ ఇంకొంచెం పెట్రోలు పోస్తుంది, ఆ అదనపు పెట్రోలు సగం కాలి దిమ్మె మీద వచ్చి పడి కాలుతుంది. మైలేజీ పెరుగుతుందని కొన్న సామాను మైలేజీని తినేసే దారి ఇదే. సెన్సర్ దగ్గర మామూలు సిలికోన్ జిగురు వాడితే దాని ఆవిర్లు సెన్సర్ మొనను కప్పి పాడుచేస్తాయి. బ్యాటరీ తీగ విప్పకుండా కారు కింద వెల్డింగ్ చేస్తే కంప్యూటరే పోవచ్చు. వెల్డింగ్ చేసేవారిని నిందించడం ఇక్కడి ఉద్దేశం కాదు. విజయవాడ ఆటోనగర్‌లో ఇనుముతో ఏ పనైనా చేసిపెట్టగల చేతులున్నాయి. కొలత ఇచ్చి, అతుకును పొగ పట్టించి పరీక్షించేంత వ్యవధి ఇస్తే అవి మంచి పని చేస్తాయి.

అసలు కన్వర్టర్ ఎందుకు చచ్చిపోయిందో తెలుసుకోకుండా కొత్తది వేయడం కూడా ఈ హై ఫ్లో ధోరణిలో భాగమే. ఉత్ప్రేరకం తనంతట తాను అరగదు. స్పార్క్ ప్లగ్గో ఇగ్నిషన్ కాయిలో పోయి ఒక సిలిండర్ సరిగా మండకపోతే కాలని పెట్రోలు దిమ్మెలో కాలి, వేడి వెయ్యి డిగ్రీలు దాటి, లోహపు కణాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇంకా పెరిగితే దిమ్మే కరుగుతుంది. పిస్టన్ రింగులు అరిగి ఆయిల్ కాలితే అందులోని భాస్వరం పూతను కప్పుతుంది. ఆ జబ్బును వదిలేసి పెద్ద గడుల దిమ్మె వేసినవారికి తొలి నెలల్లో బండి తేలికైనట్టుంటుంది, ఎందుకంటే పాతది పూడిపోయి ఉంది. ఆ తేలికదనం కొత్తగా కంపెనీ దిమ్మె వేసినా వచ్చేదే. ఈ పోలికలో చెడిపోయిన పాతదానికీ కొత్త హై ఫ్లోకూ తేడా చూపి, దాన్ని కంపెనీ దిమ్మెకూ హై ఫ్లోకూ ఉన్న తేడాగా ప్రచారం చేయడం ఈ వాదంలోని అతి సాధారణమైన, అతి హానికరమైన మోసం.

హై ఫ్లో రకాల మీద చట్టాలు అనవసరంగా కఠినంగా ఉన్నాయన్న ఫిర్యాదుకు అమెరికా అనుభవం బదులు చెబుతుంది. 1986లో అక్కడి పర్యావరణ రక్షణ సంస్థ, బయటి తయారీదారుల కన్వర్టర్లు హైడ్రోకార్బన్లను 70 శాతం, కార్బన్ మోనాక్సైడ్‌ను 70 శాతం, నైట్రోజన్ ఆక్సైడ్లను 30 శాతం శుద్ధి చేస్తే చాలని, అదీ 25,000 మైళ్ల దాకా నిలిస్తే చాలని సడలింపు ఇచ్చింది. కంపెనీ కన్వర్టర్‌కు అక్కడ 8 ఏళ్లు లేదా 80,000 మైళ్ల హామీ ఉంటుంది. బాగున్న కన్వర్టర్‌ను తీసి ఆ సడలింపు రకాన్ని వేయడానికి మాత్రం అప్పుడు కూడా అనుమతి లేదు. పాతది పోయిందనో లేదనో నమోదు చేయాలి. ‘చట్టబద్ధమైన’ అన్న ముద్ర చూసి సంబరపడే కొనుగోలుదారు ఆ ముద్ర వెనుక నైట్రోజన్ ఆక్సైడ్లలో నూటికి డెబ్భై పాళ్లు వదిలేసినా సరేనన్న ఒప్పందం ఉందని గమనించాలి. కాలిఫోర్నియా అందుకే 2009 నుంచి ఆ సడలింపును తన గడ్డ మీద చెల్లనివ్వక, ఏ కారు మోడల్‌కు ఏ కన్వర్టర్ సరిపోతుందో పరీక్షించి అనుమతి సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్య తొడుగు మీద చెక్కి ఉంటేనే బిగించనిస్తోంది. ఆ రాష్ట్రంలో ఉద్యోగాలు చేసే తెలుగువారు పాత కారు కొనేటప్పుడు కింద వంగి ఆ సంఖ్య చూడకపోతే పొగ పరీక్ష రోజున ఆ ఖర్చు తమ మీదే పడుతుందని ఎరిగి ఉండాలి. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 2019లో తిరగరాసిన 182ఎ సెక్షన్ అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు ఐదువేల రూపాయల జరిమానా గాని ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని విధిస్తుంది. 190వ సెక్షన్ కాలుష్య ప్రమాణాలు మీరి బండి నడిపినవారి లైసెన్సును కూడా మూడు నెలలు నిలిపివేస్తుంది. శిక్ష భయం ఈ వాదానికి పునాది కాకూడదు గాని, ‘ఇది యజమాని సొంత వ్యవహారం’ అన్న మాటను చట్టం ఒప్పుకోదని మాత్రం స్పష్టం.

ఒక్క కారు వల్ల ఊరు పాడవుతుందా అన్న ప్రశ్న మిగిలింది. డెన్వర్ విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ స్టెడ్‌మన్ బృందం 1980ల చివర నుంచి రోడ్డుకు అడ్డంగా పరారుణ కిరణం ప్రసరింపజేసి, దాటిపోయే ప్రతి కారు పొగనూ కొలిచింది. రోడ్డు మీది కార్బన్ మోనాక్సైడ్‌లో దాదాపు సగం పదో వంతు కార్ల నుంచే వస్తోందని తేలింది. కార్లు శుభ్రమవుతున్న కొద్దీ ఆ కొద్ది కార్ల పాలు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే మిగతావి వదిలేది దాదాపు ఏమీ ఉండదు. శుభ్రమైన పది కార్లతో సమానంగా నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలే ఒక కారు తన యజమాని దృష్టిలో ఒక్కటే కావచ్చు, గాలి లెక్కలో పది. ఆ వాయువులు ఎండలో హైడ్రోకార్బన్లతో కలిసి నేలమట్టపు ఓజోన్‌గానూ, చలికాలపు తేమలో నైట్రేట్ ధూళిగానూ మారతాయి. గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాతీయ జాబితాలో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, నెల్లూరు, కర్నూలు ఉన్నాయి. అక్కడ కూడలిలో నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్‌కు, తలుపుల్లేని ఆటో నడిపే డ్రైవర్‌కు, ఆ పొగ మధ్య నుంచి బడికి నడిచిపోయే పిల్లలకు ఈ పికప్ వల్ల వచ్చేది లేదు. ఊపిరితిత్తులు మాత్రం వాళ్లవే.

కన్వర్టర్ నిజంగా పాడై మార్చవలసి వచ్చిన యజమాని కంపెనీ దిమ్మెనే మళ్లీ వేయించుకోవడం ఉత్తమం. ఖర్చు భరించలేక బయటి రకం వైపు చూసేటప్పుడు అమ్మేవారిని అడగవలసినవి నాలుగు అంకెలు: చదరపు అంగుళానికి గడులెన్ని, దిమ్మె ఘనపరిమాణం ఎంత, అందులో ప్లాటినం జాతి లోహాలు ఎన్ని గ్రాములు, వేలాది కిలోమీటర్లు నడిచి పాతబడ్డ తరువాత నైట్రోజన్ ఆక్సైడ్లను ఎంత శాతం శుద్ధి చేస్తుంది. గడులు 400కు తగ్గకుండా, పరిమాణం పాతదానికి సమానంగా, స్థానం ఇంజిన్‌కు అంతే దగ్గరగా, రెండు సెన్సర్లూ తమ తమ చోట్లలో మారకుండా ఉండాలని పట్టుబట్టాలి. తొడుగు మీది బాణం గుర్తు పొగ పోయే దిశకే ఉండాలి. విప్పిన పాత దిమ్మెలో విలువైన లోహాలున్నాయి గనుక దాని వెల బిల్లులో తగ్గించమని అడగడం యజమాని హక్కు. నాలుగు అంకెల్లో ఒక్కటీ అచ్చువేయకుండా హార్స్‌పవర్ అంకె మాత్రం పెద్దక్షరాల్లో అచ్చువేసిన పెట్టెను, అది ఏ పేరుతో వచ్చినా, కౌంటర్ మీదే వదిలి రావాలి.